ఫ్యాన్ తిరుగుతుంటే ఫ్యాన్ మార్చారా?

(పాఠకుల బండి ప్రశ్నలకు విజయవాడ ఆటోనగర్ మెకానిక్ జవాబులు)

ప్రశ్న: మెకానిక్ గారికి నమస్కారం. మాది ఏలూరు. మా నాన్నగారు వాడిన 2005 మోడల్ మారుతి 800 ఏసీ కారు ఇప్పుడు నేను నడుపుతున్నాను. 86 వేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో ఎంత తిప్పినా ఏ ఇబ్బందీ లేదు. మొన్న మే నెలలో పిల్లల్ని తీసుకుని విజయవాడ బయల్దేరాం. హనుమాన్ జంక్షన్ దాటాక, గన్నవరం ఇంకా రాకముందే, ఏసీ చల్లదనం తగ్గినట్టనిపించి మీటరు చూశాను. ఎప్పుడూ సగంలో ఉండే టెంపరేచర్ ముల్లు రెండు మూడు నిమిషాల్లో హెచ్ దాకా పోయింది. వెంటనే పక్కకు తీసి ఆపాను. బానెట్ ఎత్తితే ఫ్యాన్ గట్టిగానే తిరుగుతోంది, కింద చుక్క నీరు లేదు, కూలెంట్ డబ్బా నిండుగా ఉంది. గంట ఆగి రేడియేటర్ మూత తీస్తే అర లీటరు పైనే నీళ్లు పట్టాయి. తాగే నీళ్ల బాటిల్ పోసుకుని మెల్లగా ఇంటికొచ్చాం. ఇక్కడి మెకానిక్ ఫ్యాన్ మోటారు మార్చాడు. వారం తర్వాత హైవే ఎక్కితే మళ్లీ అదే తంతు. ఇప్పుడు రేడియేటర్ మార్చాలంటున్నాడు. ఇంకొకాయన హెడ్ గాస్కెట్ పోయిందంటున్నాడు. మావారు అమ్మేయమంటున్నారు. నాన్నగారి గుర్తు, నాకు మనసొప్పడం లేదు. ఒకటే టెన్షన్.

ఇంకోమాట. పొద్దున్నే చూస్తే రేడియేటర్ పైనుంచి ఇంజిన్‌కి వెళ్లే లావు రబ్బరు పైపు ఎవరో పిసికినట్టు లోపలికి నొక్కుకుపోయి ఉంటోంది. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియక రాస్తున్నాను.

– పేరు వేయవద్దన్న పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, చివర్లో ‘ఇంకోమాట’ అని రాశారే, నాకు కావలసిన మాట అదే. అది రాయకపోతే నేను కూడా ఊహాగానాలు చేస్తూ కూర్చునేవాణ్ని.

1987లో నేను పానాలు అందించే కుర్రాడిగా షెడ్డులో చేరినప్పుడు మా మేస్త్రి బండి వేడెక్కిందని ఎవరొచ్చినా బానెట్ ఎత్తేవాడు కాదు. టీ చెప్పి, ‘ఎక్కడ వేడెక్కింది? ఎంతసేపటికి?’ అని అడిగేవాడు. సగం రోగం అక్కడే తెలిసిపోయేది. మీ ఉత్తరానికీ అదే లెక్క వేద్దాం.

మీ బండి ఊళ్లో బాగుంది, హైవే మీద వేడెక్కింది. ఫైర్ స్టేషన్ సెంటర్లో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు రేడియేటర్‌కి గాలి కొట్టేది ఫ్యాన్ ఒక్కటే. అది పాడైతే ముల్లు అక్కడే లేవాలి. 70 స్పీడులో పోతున్నప్పుడు ఎదురుగాలే ఆ పని చేస్తుంది, ఫ్యాన్ లేకపోయినా పెద్ద తేడా రాదు. పైగా మీరు బానెట్ ఎత్తేసరికి ఫ్యాన్ తిరుగుతోందని రాశారు. తిరిగే ఫ్యాన్‌ని తీసి ఇంకో ఫ్యాన్ పెట్టిన ఆ మెకానిక్‌ని నేనేమీ అనను గానీ, పాత మోటారు మీ చేతికిచ్చాడా? ఇవ్వకపోతే అడిగి తెచ్చుకోండి. ఆ పాత మోటారు మంచిదే.

ఇప్పుడు పైపు సంగతి. రేడియేటర్ మూత మామూలు మూత కాదు, కుక్కర్ మూత లాంటిది. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి కదా. ఈ మూత లోపల ఒత్తిడి పట్టి ఉంచడం వల్ల 118 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. మూత మీద 0.9 అని అచ్చు ఉంటే ఆ ఒత్తిడి లెక్కే అది. అందులో రెండు వాల్వులుంటాయి. ఇంజిన్ వేడెక్కి నీళ్లు పొంగితే స్ప్రింగుతో ఉన్న పెద్ద వాల్వు తెరుచుకుని, ఎక్కువైన నీళ్లని సన్న గొట్టంలోంచి డబ్బాలోకి పంపుతుంది. బండి ఆగి చల్లారాక నీళ్లు కుంచించుకుపోతాయి. అప్పుడు మధ్యలో ఉండే చిన్న వాల్వు తెరుచుకుని డబ్బాలో నీళ్లని వెనక్కి లాక్కోవాలి.

ఆ చిన్న వాల్వు తుప్పుకో జిగురుకో పట్టేసిందనుకోండి. పోయిన నీళ్లు తిరిగి రావు. లోపల ఖాళీ ఏర్పడి, పీల్చేందుకు ఇంకేమీ దొరక్క రబ్బరు పైపునే లోపలికి లాగుతుంది. మీరు పొద్దున్నే చూస్తున్నది అదే. పాత క్లిప్పుల దగ్గరా, వాటర్ పంపు సీలు దగ్గరా కొంచెం గాలి కూడా లోపలికి దూరుతుంది. మళ్లీ నడిపినప్పుడు ఇంకొన్ని నీళ్లు బయటికి. డబ్బా చూస్తే నిండుగా కనిపిస్తుంది, రేడియేటర్‌లో చూస్తే అర లీటరు లోటు. డబ్బా నిండుగా ఉందని ధైర్యపడి దెబ్బతిన్నవాళ్లు మా షెడ్డుకి ఏటా వేసవిలో వస్తూనే ఉంటారు.

ఊళ్లో మూడు నాలుగు కిలోమీటర్ల తిరుగుడికి ఉన్న నీళ్లే సరిపోతాయి. మే నెల ఎండలో, ఏసీ వేసి, నలుగురెక్కి, అరగంట ఆపకుండా తోలితే ఆ లోటు బయటపడుతుంది. పైన గాలి, ఆవిరి చేరాక పంపు తోయడానికి నీళ్లుండవు. అందుకే మెల్లమెల్లగా కాక రెండు నిమిషాల్లో ఎగిరింది ముల్లు.

కాబట్టి నా మొదటి అనుమానం మూత మీద, రెండోది డబ్బాకి వెళ్లే సన్న గొట్టం మీద. రేపు పొద్దున్న, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి తిప్పి చూడండి. మధ్యలో ఉన్న చిన్న బిళ్లని గోటితో లాగితే కదిలి, వదిలితే వెనక్కి పోవాలి. రబ్బరు వాచర్ గట్టిపడి బీటలు తీసి ఉండకూడదు. సన్న గొట్టం ఊడదీసి నోటితో ఊదితే డబ్బాలో బుడగలు రావాలి. మూత రెండు మూడు వందలకు మించదు. పాతదాని మీద ఏ అంకె ఉందో అదే అంకెది కొనండి, ఎక్కువ అంకెది కొంటే మంచిదనుకోవద్దు. బండి తయారీ 2014లోనే ఆగిపోయిందని దిగులక్కర్లేదు. ఓమ్ని కూడా ఇదే 796 సీసీ ఇంజిన్‌తో తిరిగింది, సామాన్లకి లోటు లేదు.

మూత మార్చాక కూడా వేడెక్కితే అప్పుడు థర్మోస్టాట్, అంటే నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే చిన్న తలుపు. ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత పై పైపు కాలిపోతూ, కింది పైపు చల్లగా ఉంటే అది తెరుచుకోవడం లేదని అర్థం. పట్టుకునేటప్పుడు చెయ్యి ఫ్యాన్‌కి, బెల్టుకి దూరంగా పెట్టండి, ఫ్యాన్ ఎప్పుడు తిరగడం మొదలెడుతుందో చెప్పలేం. థర్మోస్టాట్‌ని తీయించి ఇంట్లోనే గిన్నెలో మరగబెట్టి చూడొచ్చు. దారం కట్టి, అడుగుకి తగలకుండా వేలాడదీయండి. 82 అని (డిగ్రీల లెక్క) అచ్చు ఉంటే నీళ్లు తెర్లకముందే నోరు తెరవడం మొదలెట్టాలి. రేడియేటర్ వంతు ఆ తర్వాతే. ఏసీ బండి కాబట్టి కండెన్సర్‌కీ (ఏసీ వేడిని బయటికొదిలే జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులో ఇరవై ఏళ్ల దుమ్ము, పురుగులు, పత్తి పింజలు దిండులా పేరుకుని ఉంటాయి. మార్చమనే ముందు అది కడిగారా అని అడగండి.

హెడ్ గాస్కెట్ అన్న ఆయన్ని మాత్రం కొట్టిపారెయ్యను. హెడ్ అంటే ఇంజిన్ పైభాగం, గాస్కెట్ అంటే దానికీ కింది దిమ్మకీ మధ్య ఉండే సీలు. రెండుసార్లు వేడెక్కింది, మీ ఇంజిన్ హెడ్ అల్యూమినియంది. వేడికి ఒక్క వెంట్రుకవాసి వంగినా గాస్కెట్ పోతుంది. అయితే నోటిమాట మీద హెడ్ విప్పనివ్వకండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒక్క నిమిషంలోపు పై పైపు నొక్కి చూడండి. నీళ్లింకా వేడెక్కకుండానే రాయిలా గట్టిపడితే, సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోందన్నమాట. మర్నాడు మళ్లీ చల్లగా ఉన్నప్పుడు మూత తీసిపెట్టి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలొస్తుంటాయి. ఆయిల్ పోసే మూత కింద పాలమీగడ లాంటిది పేరుకుందేమో కూడా చూడండి, తక్కువ దూరాలు తిరిగే బండ్లలో చెమ్మ వల్ల కొంచెం ఉంటుంది, దానికి హడలిపోవద్దు. సైలెన్సర్‌లోంచి ఎంతసేపటికీ తగ్గని తెల్లపొగ, ఆయిల్ మొత్తం కాఫీ రంగు – ఇవుంటే హెడ్ విప్పాల్సిందే.

మీరు ముల్లు చూడగానే ఆపారు. ఆ పని నేను చేయలేక ఒకసారి తిన్న దెబ్బ చెబుతాను. 1998లో ఒక కస్టమర్ మారుతి ట్రయల్‌కి తీసుకెళ్లి మంగళగిరి వైపు నుంచి వస్తున్నాను. వారధి మీద బ్యాటరీ ఎర్రలైటు వెలిగింది. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది ఏదో చిన్న గొడవనుకున్నా. ఆ బండిలో ఆల్టర్నేటర్‌నీ వాటర్ పంపునీ తిప్పేది ఒకటే బెల్టని నాకు తెలుసు, అయినా తట్టలేదు. బెల్టు తెగిపోయింది. ముల్లు పైకి పోయింది. షెడ్డు నాలుగైదు కిలోమీటర్లే కదా అని తోలాను. బెంజి సర్కిల్ దగ్గరికొచ్చేసరికి ముల్లు దానంతటదే కిందికి దిగింది. తగ్గిపోయిందని సంతోషపడ్డాను కూడా! లోపల నీళ్లు అయిపోయి, టెంపరేచర్ చూసే సెన్సార్‌కి తడి తగలకపోతే ముల్లు అబద్ధం చెబుతుందని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. హెడ్ వంగింది. లేత్ షాపులో ఫేసింగ్ చేయించి (వంగిన ముఖాన్ని చదును చేయించి), గాస్కెట్ సెట్టు వేసి, ఆ ఖర్చంతా నా జీతంలోంచి మేస్త్రి ఆరు నెలలు కోశాడు. తిట్టలేదు, కోశాడంతే.

మళ్లీ దారిలో ముల్లు లేస్తే ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించి, బండి నిలిపే చోటు చూసుకోండి. హీటర్ కూడా ఇంజిన్ వేడినే లాగుతుంది. ఆ హీటర్‌లోంచి చల్లగాలి వస్తే మాత్రం లోపల నీళ్లు లేనట్టే, ఇంకో అడుగు కూడా తోలవద్దు. మూత ముప్పావు గంట దాకా ముట్టుకోకండి. మొహం కాల్చుకున్నవాళ్లని చూశాను. కాలుతున్న ఇంజిన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ చిట్లుతుంది.

బాటిల్ నీళ్లు రెండుసార్లు పోశారు కనుక మూత సంగతి తేలాక మొత్తం వదిలేసి, కలిపి అమ్మే కూలెంట్ పోయించండి. పోసేటప్పుడు మూత తీసి ఉంచి, హీటర్ వేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపితే గాలంతా బయటికొస్తుంది. అమ్మడం సంగతి మీ ఇంటి విషయం. మూత కొనే దాకా ఆగమని మీవారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: నాది 1996 అంబాసిడర్ డీజిల్. ఇంజిన్ చల్లగా ఉంటుందని అయిదేళ్ల కింద థర్మోస్టాట్ తీయించేశాను. మా బోరు నీళ్లే పోస్తున్నాను. ఇప్పుడు లోడుంటే వేడెక్కుతోంది. తీసిన థర్మోస్టాట్ డ్యాష్‌బోర్డులోనే ఉంది.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అన్నా, మీ ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టి ఉంటుంది చూడండి. అదే పెచ్చు మీ రేడియేటర్ సన్న గొట్టాల్లో అయిదేళ్లుగా కడుతోంది. మామూలు తిరుగుడికి మిగిలిన గొట్టాలు చాలుతున్నాయి, లోడు పడితే చాలడం లేదు. రేడియేటర్ దింపించి, పైట్యాంకు విప్పి, రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి పెచ్చు తీయడం) చేసేవాళ్లకి ఇవ్వండి. మీది ఇత్తడి రేడియేటరైతే ఆ పని జరుగుతుంది. ఇక మీదట డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే పోయండి.

థర్మోస్టాట్ తీయించడం పాతకాలపు వైద్యం. అది లేకపోతే ఇంజిన్ త్వరగా సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. తిరిగి పెట్టించండి. డ్యాష్‌బోర్డులో ఉన్నది వద్దు, కొత్తది కొనండి.