లిఫ్ట్ ఖర్చు గురించి టెన్షన్ పడేముందు ఒక్కసారి ఇది చూడండి

మేడమీద నడిచే మీ కాలనీ ఉచిత ట్యూషన్‌లో చక్రాల కుర్చీ వాడే అబ్బాయి చేరతానంటున్నాడు, లిఫ్ట్ పెడితే ఏడాది చందాలన్నీ ఊడ్చుకుపోతాయి, వద్దంటే మనసొప్పట్లేదు అన్నారు. ముందుగా, లిఫ్టే పెట్టాలని ఎవరూ అనలేదు కదండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం తగిన సర్దుబాట్ల గురించి చెబుతూ, అవి మోయలేని భారం కాకూడదని కూడా ఆ నిర్వచనంలోనే రాసింది. అలాగని ‘మా దగ్గర డబ్బుల్లేవు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కుదరదు. వేరే దారి ఏముందో నిజంగా వెతకాలి.

మీకైతే దారి కళ్లెదుటే ఉంది. కింద సామాన్లు పడేసిన గది ఖాళీ చేసి, క్లాసు మొత్తాన్ని అక్కడికి దించండి. ఆ అబ్బాయి ఒక్కడినే కింద కూర్చోబెట్టడం మాత్రం వద్దు. గుమ్మానికి ఆరేసి అంగుళాల మెట్లు మూడున్నాయన్నారు కాబట్టి, అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు లెక్కన 18 అడుగుల ర్యాంపు (వాలుబాట) కావాలి. చోటు చాలకపోతే మధ్యలో చదునుగా ఆపి మలుపు తిప్పించండి. బాత్రూమ్ తలుపు వెడల్పు కూడా కొలవండి, అందరూ మరిచిపోయేది అదే.

‘నలుగురం మోసుకెళ్తాం’ అనే మాట దయచేసి వదిలేయండి. మా అక్క కొడుకుని అలా మోసేటప్పుడు చూశాను. పిల్లాడు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకునేవాడు.

ఖర్చు వాళ్లమ్మని అడగకండి. అందరి చందాలోంచే పెట్టండి. ఎస్టిమేట్ వేయించే ముందు ఆ అబ్బాయినే పిలిచి, ఏం కావాలో అడగండి.