మతాల పాఠం ఉండొచ్చు, ప్రార్థన మాత్రం మీ ఇష్టం

ప్రశ్న: మాది మధురవాడ. మా బాబు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూల్లో తొమ్మిదో తరగతి. ఈ ఏడాది వారానికో పీరియడ్ పెట్టి హిందూ, బౌద్ధ, క్రైస్తవ, ఇస్లాం మతాల గురించి చెబుతున్నారు. పరీక్ష కూడా ఉంది. ఈమధ్య పీరియడ్ చివర అందరినీ లేపి ప్రార్థన చెప్పిస్తున్నారట. మావారు టీసీ తీసుకుందామంటున్నారు. ఆ క్లాసు మాన్పించే హక్కు మాకుందా?

జవాబు: టీసీ దాకా వెళ్లకండమ్మా. పాఠాన్నీ ప్రార్థననీ చట్టం ఒకే గాటన కట్టదు.

రాజ్యాంగంలోని 28(3) అధికరణ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న ఏ విద్యాసంస్థా విద్యార్థిని మతబోధకు గానీ ప్రార్థనకు గానీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మైనర్ అయితే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. మైనారిటీ సంస్థలు నడిపే స్కూళ్లకూ ఇదే వర్తిస్తుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలోనైతే, 28(1) ప్రకారం అసలు మతబోధే ఉండకూడదు.

మతాల గురించి చదవడం దీని కిందకు రాదు. గురునానక్ జీవితం, బోధనల అధ్యయనం మతబోధ కాదని డీఏవీ కాలేజీ కేసులో 1971లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులోనూ, అన్ని మతాల గురించి చదివించడాన్ని రాజ్యాంగం నిషేధించలేదంది. కాబట్టి పాఠం మాన్పిస్తామంటే చట్టం మీకు తోడు రాదు. మాన్పించవద్దనే నేనూ అంటాను. తొట్లకొండ మీద బౌద్ధ స్తూపం చూసే పిల్లలు, హార్బర్ దగ్గర గుడి, చర్చి, దర్గా పక్కపక్క కొండల మీద చూస్తూ పెరిగే మన విశాఖ పిల్లలు, ఇరుగుపొరుగు నమ్మకాలు తెలియకుండా పెద్దవాళ్లవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ రోజు బాబు నోట్‌బుక్ తీసి చూడండి. 'ముస్లింలు రోజుకు ఎన్నిసార్లు నమాజు చేస్తారు?' అని ఉంటే అది పాఠం. 'ఈ ప్రార్థన రోజూ పడుకునే ముందు చెప్పుకోండి' అని ఉంటే అది బోధ. ఏ మతం ప్రార్థనైనా అంతే.

అడ్మిషన్ ఫారం కూడా ఓసారి చదవండి. ప్రార్థనకు సమ్మతి అని ఏదో మూల ఉంటే, చూడకుండా సంతకం పెట్టేసి ఉంటారు. ఉన్నా లేకున్నా, 'పాఠానికి అభ్యంతరం లేదు, ప్రార్థనకు మా సమ్మతి లేదు' అని హెడ్మాస్టర్‌కు ఉత్తరం రాసి, కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే, ఆ కాపీకి నోట్‌బుక్ పేజీల జిరాక్సులు జతచేసి జిల్లా విద్యాశాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. హైకోర్టులో రిట్ ఆ తర్వాతి మాట. ఈలోగా బాబును మాత్రం క్లాసుకూ పరీక్షకూ పంపుతూనే ఉండండి.