పాఠకుల ప్రశ్నలు: తండ్రి బయటికి, కొడుకు లోపలికి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. సాయంత్రం అయ్యేసరికి బూట్లు భుజాన వేసుకుని ఫుట్‌బాల్‌కు వెళ్లిపోతాడు. ఐస్‌లాండ్ జట్టులో ఒక తండ్రి, కొడుకు పక్కపక్కనే ఆడారని వాడు చెబుతున్నాడు. ఒకే మ్యాచ్‌లో ఆడారు గానీ కలిసి ఆడలేదని నేనంటున్నాను. మా ఇంట్లో వారం రోజులుగా ఇదే పేచీ. ఎవరి మాట నిజం? అంత చిన్న దేశం నుంచి వచ్చిన ఆ కుర్రవాడు తరువాత ఏమయ్యాడు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ మాటే నిజం. 1996 ఏప్రిల్ 24న ఎస్తోనియా రాజధాని తల్లిన్‌లో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్ రెండో సగంలో, 34 ఏళ్ల ఆర్నోర్ గుడ్యోన్సెన్ మైదానం నుంచి బయటికి రాగా, గీత దగ్గర ఎదురుచూస్తున్న అతని 17 ఏళ్ల కొడుకు ఐదుర్ ఆయన స్థానంలో లోపలికి వెళ్లాడు. ఐస్‌లాండ్ 3-0తో గెలిచింది. అయితే ఇద్దరూ ఒకేసారి గీత లోపల ఉన్న నిమిషం ఒక్కటీ లేదు.

ఈ సంఘటనను అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు కానీ, నాకు మాత్రం ఇది చేజారిన అవకాశంగానే కనిపిస్తుంది. తండ్రీకొడుకులు తొలిసారి కలిసి ఆడే దృశ్యాన్ని సొంతగడ్డపై, సొంత జనం ముందు, జూన్‌లో మాసిడోనియాతో జరగబోయే ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లో చూపించాలని ఐస్‌లాండ్ ఫుట్‌బాల్ పెద్దలు తలచారు. అందుకే తల్లిన్‌లో ఇద్దరినీ ఒకేసారి దించలేదు. నెల గడిచిందో లేదో, ఐర్లండ్‌తో ఆడిన యువజన మ్యాచ్‌లో ఐదుర్ చీలమండ విరిగింది. మంచి ముహూర్తం కోసం ఆగి అసలు పెళ్లే తప్పిపోయిన సంబంధంలా అయింది వ్యవహారం. అతడు తిరిగి పూర్తిగా కోలుకునేసరికి తండ్రి జాతీయ జట్టు నుంచి తప్పుకున్నారు.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. ఐస్‌లాండ్‌లో చాలామందికి మనలా ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరుకు కొడుకైతే ‘సన్’, కూతురైతే ‘దొట్టిర్’ చేరుస్తారు. ఆ లెక్కన ఐదుర్ ‘ఆర్నోర్‌సన్’ కావాలి. తరతరాలుగా ఇంటిపేరు నిలుపుకున్న కొద్ది కుటుంబాల్లో గుడ్యోన్సెన్ వారిది ఒకటి కాబట్టే ఈ తండ్రీకొడుకులను పేరు చూసి మనం పోల్చుకోగలుగుతున్నాం.

చిన్న దేశం అన్నారు గనుక చెబుతున్నాను: 2016 నాటికి ఐస్‌లాండ్ జనాభా సుమారు 3 లక్షల 30 వేలు, అంటే మీ గుంటూరు నగర జనాభాలో దాదాపు సగం. అయినా ఐదుర్ ఆటంతా ఆ మంచు నేలపైనే పండిందనుకుంటే పొరపాటు. అతడు పుట్టిన 1978లోనే తండ్రి బెల్జియంలోని లోకెరెన్ క్లబ్‌లో చేరారు, తరువాత ఆండర్‌లెక్ట్‌కు ఆడారు. అందువల్ల ఐదుర్ బాల్యం చాలావరకు బెల్జియంలో, నిత్యం వృత్తి క్రీడాకారుల మధ్య గడిచింది. ఇంట్లోనే గురువున్న పిల్లవాడికి దొరికే సౌకర్యం అది.

పదహారేళ్లకే నెదర్లాండ్స్‌లోని పీఎస్‌వీ ఐండ్‌హోవెన్ అతణ్ణి తీసుకుంది. అక్కడ అతడి సహచరుడు బ్రెజిల్ కుర్రవాడు రొనాల్డో. ఆ దశలోనే చీలమండ విరిగి, ఒక గాయం నుంచి మరో ఇబ్బంది పుట్టి, రెండేళ్లకు పైగా ఆట దాదాపు ఆగిపోయింది. పీఎస్‌వీ వదులుకుంది. 1998లో స్వదేశానికి వచ్చి రేక్యవిక్‌లోని కేఆర్ క్లబ్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు అతడి ఒంటి బరువు కూడా అదుపులో లేదు. మీ అబ్బాయి ఈ భాగాన్ని కాస్త నిదానంగా చదివితే బాగుంటుంది, ఎందుకంటే చెల్సీ, బార్సిలోనా చొక్కాల్లోని ఫొటోల్లో ఈ రెండేళ్లు కనిపించవు.

అదే ఏడాది ఇంగ్లండ్‌లో అప్పుడే రెండో శ్రేణికి దిగజారిన బోల్టన్ అతణ్ణి చేర్చుకుంది. రెండేళ్లలో అక్కడ కుదురుకున్నాడు. 2000లో చెల్సీ అతడి కోసం 40 లక్షల పౌండ్లు చెల్లించింది. ఆరు సీజన్లలో చెల్సీ తరఫున 78 గోల్స్ కొట్టాడు. చెల్సీ సహచర ఫార్వర్డ్ హాసెల్‌బాంక్‌తో అతడి జోడీ ఎంత పేరు పొందిందంటే, ఆ ఇద్దరినీ అభిమానులు నిప్పూ మంచూ అని పిలిచేవారు. 2003 జనవరిలో లీడ్స్‌పై కొట్టిన గోల్ ఒక్కటి చాలు: బంతి తన వెనక్కు పోబోతున్నట్టు గమనించి, గోల్‌కు వీపు పెట్టి గాలిలోకి లేచి, తల మీదుగా కాలు తిప్పి వలలోకి కొట్టాడు. దాన్ని మీ అబ్బాయి ఇప్పటికే మొబైల్‌లో చూసే ఉంటాడు. కోచ్ మౌరిన్యో వచ్చాక చెల్సీ 2004-05లో 95 పాయింట్లతో, 50 ఏళ్ల తరువాత ఇంగ్లండ్ లీగ్ గెలిచింది. మరుసటి ఏడాదీ నిలబెట్టుకుంది. గోల్స్ కొట్టడమే తెలిసినవాడైతే ఆ జట్టులో అంతకాలం నిలిచేవాడు కాదేమో. అవసరమైనప్పుడు వెనక్కు తగ్గి, మధ్య వరుసలో ఆడుతూ ఇతరులకు బంతి అందించడం అతడి అసలు విద్య అని నా అభిప్రాయం.

2006లో బార్సిలోనాకు వెళ్లాడు. 2009లో ఆ క్లబ్ స్పెయిన్ లీగ్, కింగ్స్ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు, కానీ మెస్సీ, ఎటో, అన్రీ ముందున్న చోట అతడికి దక్కిన వాటా తక్కువే. ఆ పైన ఊళ్లు మారుతూనే గడిచింది: మొనాకో, టాటెన్‌హామ్, స్టోక్, ఏథెన్స్, బ్రూజ్, మళ్లీ బోల్టన్, చైనా, నార్వే. వీటిలో టాటెన్‌హామ్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. 1984లో యూరప్ క్లబ్‌ల పోటీ యూఈఎఫ్‌ఏ కప్ ఫైనల్లో అదే టాటెన్‌హామ్‌పై ఆండర్‌లెక్ట్ తరఫున ఆర్నోర్ తన్నిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపడంతో కప్పు చేజారింది. 26 ఏళ్ల తరువాత ఆ క్లబ్ చొక్కానే కొడుకు తొడుక్కున్నాడు.

ప్రశ్న: 2016లో ఐదుర్ గుడ్యోన్సెన్ ఇండియన్ సూపర్ లీగ్‌కు వస్తున్నాడని పేపర్లో చదివి ఎంతో ఆశగా టీవీ ముందు కూర్చున్నాను. ఒక్క మ్యాచ్‌లోనూ కనిపించలేదు. కారణం ఏమిటి? ఐస్‌లాండ్ ఇంగ్లండ్‌ను ఓడించిన రోజు ఇతడు ఆడాడా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పుణె సిటీ జట్టు అతణ్ణి ప్రధాన ఆకర్షణగా తీసుకున్న మాట నిజమేనమ్మా. సీజన్ మొదలు కాకముందే గాయపడటంతో అతడి బదులు మాలీ ఆటగాడు సిస్సోకో వచ్చాడు. మరుసటి ఏడాది ఐదుర్ ఆట నుంచి విరమించాడు.

యూరప్ దేశాల పోటీ యూరో 2016లో, ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఇంగ్లండ్‌పై 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో అతడు బెంచీ మీదే ఉన్నాడు. అయితే అక్కడ కూర్చోవడానికి కూడా అతడు పడిన పాట్లు తక్కువ కాదు. 2013 నవంబరులో క్రొయేషియా చేతిలో ఓడి ప్రపంచ కప్ అవకాశం పోయినప్పుడు, జాతీయ జట్టుకు ఇదే తన చివరి మ్యాచ్ కావచ్చని చెబుతూ టీవీ కెమెరా ముందే కన్నీళ్లు పెట్టుకున్నాడు. 2015 మార్చిలో 36 ఏళ్ల వయసులో మళ్లీ పిలుపు వస్తే, కజఖ్‌స్తాన్‌పై ఆ మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. యూరో 2016 ఐస్‌లాండ్‌కు తొలి పెద్ద టోర్నీ. అందులో హంగరీ, ఫ్రాన్స్‌లతో చివరి నిమిషాల్లో దిగాడు. ఫ్రాన్స్ చేతిలో 5-2తో ఓడిన ఆ మ్యాచ్‌లో అతడు లోపలికి రాగానే నాయకుడు గున్నార్సన్ తన చేతి పట్టీని తీసి అతడికి తొడిగాడు. దేశం తరఫున 88 మ్యాచ్‌లు, 26 గోల్స్ అతడి లెక్క. ఆ గోల్స్ రికార్డును 2023లో గిల్ఫి సిగుర్ద్‌సన్ దాటాడు.

అతడి కొడుకులు కూడా ఆటగాళ్లే. 2021 అక్టోబరులో రేక్యవిక్‌లో లీక్టెన్‌స్టయిన్‌పై ఐస్‌లాండ్ 4-0తో గెలిచిన మ్యాచ్‌లో అన్న స్వెయిన్ ఆరోన్ బంతి అందించగా తమ్ముడు ఆంద్రి లూకాస్ గోల్ కొట్టాడు. వాళ్ల నాన్న అప్పుడు సహాయ కోచ్‌గా గీత బయటే ఉన్నాడు.