గ్రంథాలయం మెట్ల మీద కూర్చోబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

ఆదివారం సాయంత్రాలు ఊళ్లో గ్రంథాలయం దగ్గర పిల్లల్ని పోగుచేసి, వాళ్లు అడిగే సైన్సు ప్రశ్నలకు జవాబులు చెబుతావట. మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం పట్టలేక అదే మాట మీ అత్తయ్యకు రెండుసార్లు చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత రాస్తాను, ముందు చిన్న విషయాలు.

ప్రశ్నలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకో, అడిగిన పిల్ల పేరుతో సహా. తెలియనిదానికి వచ్చే వారం చెబుతానని చెప్పు, వచ్చే వారం మరిచిపోకు. ఫోనులో చూసి చదివి వినిపించకు, ఆ పని వాళ్లూ చేసుకోగలరు. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే జవాబు అందుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, ఉద్యోగంలో చేరాక మరీ ముదిరింది. పిల్లల దగ్గర అది పనికిరాదు.

వీలైనచోట చెప్పేముందు చూపించు. నీకు ఆరేళ్లప్పుడు నల్లగొండ నుంచి రాత్రి బస్సులో వస్తూ, చందమామ మన వెంటే ఎందుకు వస్తున్నాడని నా ప్రాణం తోడేశావు. కిటికీలోంచి దగ్గరి చెట్లను, దూరాన ఉన్న గుట్టను చూడమన్నాను. చెట్లు పరుగెడుతున్నాయి, గుట్ట మెల్లగా జరుగుతోంది అన్నావు. మరి చందమామ గుట్టకన్నా ఎంత దూరమంటావు అని అడిగితే, కాసేపు ఊరుకుని, 'చాలా చాలా దూరం, అందుకే జరగడం లేదు' అన్నావు. 3,84,000 కిలోమీటర్లన్న అంకె ఆ తర్వాతే చెప్పాను. అప్పటికి మీ అమ్మ నిద్రపోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇద్దరికీ చీవాట్లు పడేవి.

ఎండాకాలం గురించి తప్పకుండా అడుగుతారు. భూమి సూర్యుడికి దగ్గరగా జరుగుతుంది కదా అని జవాబు కూడా వాళ్లే ఇస్తారు. నవ్వకు. భూమి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో అని మాత్రం చెప్పి ఆగు. అసలు కారణం భూమి అక్షం ఒరిగి ఉండడమేనన్న దగ్గరకు వాళ్లంతట వాళ్లే రావాలి.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. గ్రహణం గురించి అడుగుతారు చూడు, అక్కడ భయం నాకు.

1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ కర్ణాటక మీదుగా వచ్చి, పాలమూరు, నల్లగొండ వైపుల నుంచి ఒడిశా దాకా సాగింది. హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దానికోసం కాచుకుని ఉంటే, మా ఊరు తలుపులు బిగించుకుంది. నేను ఉద్యోగంలో కొత్త. బడిలో ఒక పెద్దాయన పిల్లలు ఎండలోకి పోకుండా ఉండాలని, ఆ రోజు సూర్యుడి నుంచి విషకిరణాలు వస్తాయన్నాడు. ఏం తిన్నా విషమే అన్నాడు, చెయ్యి బయటపెడితే పుండ్లు పడతాయన్నాడు, చూస్తే కళ్లు పోతాయన్నాడు. తొమ్మిదో తరగతిలో ఒక చురుకైన కుర్రాడు ఉండేవాడు. గ్రహణం పట్టగానే దొంగతనంగా బెల్లంముక్క తిన్నాడు, ఏమీ కాలేదు. కిటికీలోంచి చెయ్యి చాచాడు, ఏమీ కాలేదు. అయితే మూడోదీ అబద్ధమే అనుకుని పిట్టగోడ ఎక్కి, నెలవంకలా మిగిలిన సూర్యుణ్ణి కన్నార్పకుండా చూశాడు. నొప్పి పుట్టలేదు, కంటి లోపల బొమ్మ పడే తెరకు, అదే రెటీనాకు, నొప్పి తెలియదు కాబట్టి. మర్నాటికి చదువుదామంటే మాట మధ్యలో అక్షరాలు లేవు. ఇప్పుడతనికి మనవలు. పత్రిక చదవాలంటే ఇప్పటికీ తల కాస్త పక్కకు తిప్పుతాడు.

పెద్దాయన చెడ్డవాడు కాడు. ఒక్క నిజానికి రెండు అబద్ధాలను తోడిచ్చాడు. అవి పట్టుబడగానే నిజం కూడా వాటితోపాటే కొట్టుకుపోయింది.

అందుకని భయపెట్టి కాపాడదామనుకోకు తల్లీ. ఉన్నదున్నట్టు చెప్పు. గ్రహణం నాడు ఉండేది రోజూ ఉండే సూర్యుడే, కొత్త కిరణాలేవీ రావు. మామూలు రోజుల్లో ఆ వెలుగుకు మన కళ్లు వాటంతటవే తిప్పుకుంటాయి. గ్రహణంలో వెలుగు తగ్గి చూడబుద్ధవుతుంది, మిగిలిన ఆ సన్నని ముక్క మాత్రం ఎప్పటిలాగే కాలుస్తుంది. అన్నం తినవచ్చు, ఆడుకోవచ్చు, సూర్యుడి వైపు మాత్రం చూడకూడదు. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు, రెండు జతల చలువ కళ్లద్దాలు, ఇవేవీ పనికిరావు. చెట్టు కిందికి తీసుకెళ్లు. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు మచ్చలన్నీ నెలవంకలై ఉంటాయి. చెట్టు లేకపోతే వంటింటి జల్లెడ చాలు, కింద తెల్ల కాగితం పరుచు.

2027 ఆగస్టు 2న గ్రహణం ఉంది, మన దేశానికి పాక్షికమే. ఇప్పటి నుంచే చెబుతూ ఉండు.

నీ దగ్గరున్న బైనాక్యులర్ పొద్దుగుంకాకే పెట్టెలోంచి తియ్యాలి, తాళం నీ దగ్గరే ఉండాలి. చంద్రుడి మీది గుంతలు చూపించు, గురుగ్రహం పక్కన వరసగా ఉండే ఉపగ్రహాలను చూపించు. చెయ్యి వణకకుండా గోడకు ఆనించుకోమను. ఈ చాదస్తం నీకు నవ్వు తెప్పిస్తుందని తెలుసు, నవ్వుకో. తాళం మాట మాత్రం మరిచిపోవద్దు.

గ్రంథాలయం మెట్ల మీద సాయంత్రం దోమలుంటాయి, పొడుగు చేతుల బట్టలు వేసుకో. మొదటి వారం ఇద్దరే వచ్చినా చిన్నబుచ్చుకోకు. ఎవరు ఏం అడిగారో ఆ రాత్రే ఫోను చేసి చెప్పు. తొమ్మిది దాటితే వద్దు, మీ అత్తయ్యకు నిద్ర పాడవుతుంది.

మీ మామయ్య