అతిథికి ఒంట్లో బాగోలేదు: డాక్టరు దగ్గరికి ఎలా తీసుకెళ్ళాలి?

వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళకు తోడుగా ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చిన పాఠకులు అడిగిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో పది రోజులుగా ఉంటున్న విదేశీ అతిథికి రెండు రోజుల నుంచి జ్వరం. మామూలు జ్వరమేనంటూ తన దగ్గరున్న మాత్రలే వేసుకుంటున్నారు. మా దేశంలో ఆయనకు డాక్టరూ తెలియదు, పద్ధతీ తెలియదు. ముందు ఎక్కడికి తీసుకెళ్ళాలి?

జవాబు: ప్రయాణం చేసి వచ్చిన మనిషికి వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరం అనుకుని వదిలేయకండి. మలేరియా ఉన్న ప్రాంతంలో తిరిగి వచ్చినవారైతే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ఫాల్సిపారం రకం మలేరియా దోమ కుట్టిన వారం తర్వాత ఎప్పుడైనా, చాలామందిలో నెలలోపు బయటపడుతుంది. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలలు గడిచాక, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా వస్తుంది. మలేరియా కనిపించని దేశంలో పనిచేసే డాక్టరుకు ఆ అనుమానమే రాకపోవచ్చు. అందుకే గదిలోకి వెళ్ళగానే చెప్పాల్సిన మొదటి మాట ఇది: ‘ఫలానా దేశంలో ఉండి ఫలానా తేదీన వచ్చారు, జ్వరం ఫలానా రోజు మొదలైంది.’ దారిలో విమానం మారిన చోట బయటికి వెళ్ళి రెండు రోజులు ఉంటే ఆ ఊరు కూడా చెప్పాలి. మొదటి పరీక్షలో మలేరియా కనబడలేదంటే లేదని కాదు. అనుమానం బలంగా ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్ళీ చేస్తారు, మొత్తం మూడుసార్లు దాకా. ‘ఒకసారి చేశారుగా, మళ్ళీ ఎందుకు’ అని వద్దనకండి.

డెంగీ కాదని తేలేదాకా ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఇవ్వొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడేవారు మాత్రం దాన్ని సొంతంగా ఆపకుండా డాక్టరునే అడగాలి.

ఎక్కడికి అన్నది లక్షణాన్ని బట్టి ఉంటుంది. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, మూర్ఛ, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, మనిషి తికమకగా మాట్లాడటం: వీటిలో ఏది కనిపించినా క్లినిక్కులు వెతుక్కుంటూ కూర్చోకుండా అంబులెన్సు పిలవండి. యూరప్ దేశాల్లోనూ ఇండియాలోనూ 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, జపాన్‌లో 119. పక్షవాతం అనుమానం ఉంటే ‘చివరిసారి బాగానే ఉన్నట్టు ఎన్ని గంటలకు చూశారు’ అనేది కాగితం మీద రాసుకోండి. గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు, ఆ లెక్క మీరు చెప్పే టైము నుంచే మొదలవుతుంది.

ఇవేవీ లేకపోతే ఫ్యామిలీ డాక్టరు, లేదా అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో వచ్చిన వరసలో చూడరు, ప్రమాదం ఎవరికి ఎక్కువగా ఉంటే వాళ్ళనే ముందు చూస్తారు. జలుబు, చెవిపోటు లాంటివాటికి అక్కడికి వెళ్తే గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది.

ప్రశ్న: మా అత్తగారు విదేశంలో ఉన్న మా దగ్గరికి వచ్చారు. ఇక్కడి భాష ఆమెకు రాదు. డాక్టరు దగ్గర నేనే అనువాదం చెప్పేస్తే సరిపోతుందా?

జవాబు: చిన్న విషయాలకు సరిపోతుంది. కొత్త జబ్బు నిర్ధారణ, ఆపరేషన్, సంతకం పెట్టాల్సిన కాగితం, ఈ మూడింటికీ ఆసుపత్రి ఇచ్చే దుబాసీ కావాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. ‘ఇండియన్’ అని కాకుండా ‘తెలుగు’ అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే హిందీ దుబాసీ వచ్చి కూర్చుంటారు. మనిషి దొరక్కపోయినా ఫోన్లోనో వీడియోలోనో ఏర్పాటు చేస్తారు. అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఈ సాయం ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది.

మీరే చెప్పాల్సి వస్తే కొన్ని జాగ్రత్తలు. అత్తగారు డాక్టరు వైపు తిరిగి కూర్చోవాలి, మీరు ఆమె పక్కన కాస్త వెనగ్గా ఉండాలి. డాక్టరు మీ మొహం చూస్తూ మాట్లాడితే ఆవిడ నోరు విప్పరు. ఆవిడ ‘నాకు నొప్పిగా ఉంది’ అంటే మీరూ ‘నాకు నొప్పిగా ఉంది’ అనే చెప్పండి. రెండు మూడు వాక్యాలకు ఒకసారి ఆపి చెప్పాలి. ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చి ఒక్క ముక్కలో తేల్చేస్తే, మీకు అనవసరం అనిపించి వదిలేసినదే డాక్టరుకు కావలసింది కావచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం, మనకు అర్థమైపోయిందనుకునే మాటల్లో ఉంది. ‘తల తిరుగుతోంది’ అంటే గది గిర్రున తిరగడమా, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మడమా? మొదటిది చెవి లోపలి సమస్య కావచ్చు, రెండోది రక్తపోటు పడిపోవడం కావచ్చు. ‘నీరసం’ అంటే ఒళ్ళంతా అలసటా, ఒక కాలో చెయ్యో పట్టు తప్పడమా? ‘గ్యాస్ పట్టేసింది’ మరీ ప్రమాదం. పెద్దవాళ్ళు ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, బరువుగా ఉందని చూపిస్తూ ఈ మాట అంటారు. మీరు దాన్ని అజీర్తిగా అనువదిస్తే ఈసీజీ తీయాల్సిన మనిషికి అజీర్తి మాత్ర రాసి పంపేస్తారు. అనుమానమున్న మాటను ఉన్నది ఉన్నట్టే చెప్పి, ‘చెయ్యి ఇక్కడ పెట్టి చూపిస్తున్నారు, నడిస్తే ఎక్కువవుతోందంటున్నారు’ అని జోడించండి. తెలియని వైద్య పదం వస్తే ‘ఈ మాట నాకు తెలియదు’ అనడానికి మొహమాటపడకండి. ఊహించి చెప్పడం కంటే అదే మేలు.

పిల్లల చేత అనువాదం చేయించవద్దు, ఎంత బాగా మాట్లాడేవాళ్ళైనా సరే. మూత్రం, మానసిక స్థితి, మద్యం అలవాటు, ఇంట్లో కొట్లాటల గురించి ప్రశ్నలు వస్తాయి. అలాంటి చోట మీరు ఉన్నా ఆవిడ దాచిపెట్టవచ్చు. అందుకే ఐదు నిమిషాలు దుబాసీతో ఒంటరిగా మాట్లాడే అవకాశం కావాలా అని ఆవిడనే అడగండి. బయటికి వచ్చేముందు ‘ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నారు, మళ్ళీ ఎందుకు రమ్మన్నారు’ అని ఆవిడ చేతే చెప్పించండి. చెప్పలేకపోతే డాక్టరు గదిలో ఉన్నప్పుడే మళ్ళీ అడగాలి.

ప్రశ్న: మా స్నేహితుడు చుట్టపుచూపుగా వచ్చి నెల అయింది. బీపీ, షుగరు మాత్రలు మూడు రోజులకే మిగిలాయి. చీటీ ఉంది కదా, మందుల షాపుకు వెళ్తే ఇస్తారా? పాత రిపోర్టులు కూడా చూపించవచ్చా?

జవాబు: సాధారణంగా ఇవ్వరు. పరాయి దేశపు డాక్టరు రాసిన చీటీని చాలా దేశాల ఫార్మసీలు తీసుకోవు. యూరోపియన్ యూనియన్ లోపల మాత్రం ఒక సభ్యదేశపు చీటీ మరో సభ్యదేశంలో చెల్లుతుంది. కాబట్టి స్థానిక డాక్టరుతో కొత్త చీటీ రాయించాలి, మూడు రోజులే ఉన్నాయంటే ఇవాళే బయలుదేరండి. మెటోప్రొలాల్, అటెనొలాల్, క్లోనిడిన్ లాంటి బీపీ మందులు, స్టెరాయిడ్లు, మూర్ఛ మందులు, రక్తాన్ని పలచబరిచే మందులు ఒక్కసారిగా ఆపకూడనివి. వీటిలో ఏదైనా ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ పేరు చెప్పండి, త్వరగా చూసే అవకాశం పెరుగుతుంది. ఇంటి నుంచి పోస్టులో తెప్పించుకుందామంటే ఆలస్యం ఒక చిక్కు, కస్టమ్స్ మరో చిక్కు. నొప్పికీ నిద్రకూ వాడే కొన్ని మందులు ఒక దేశంలో సులువుగా దొరికినా మరో దేశంలో నేరం కిందికి వస్తాయి.

డాక్టరుకు చూపించాల్సింది బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు. ఒకే బ్రాండు పేరుతో రెండు దేశాల్లో రెండు వేరువేరు మందులు అమ్ముతారు. ఫ్లోమాక్స్ అమెరికాలో ప్రొస్టేట్ మందు, ఇటలీలో వాపు తగ్గించే మందు. అట్టముక్క వెనక చిన్న అక్షరాల్లో ఉండే పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నవి ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద రాసి, అట్టముక్కల్ని కూడా పట్టుకెళ్ళండి. అసలు పేరులోనూ తేడాలుంటాయి. పారాసిటమాల్‌ను అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్‌ను ఆల్బ్యుటెరాల్ అంటారు, షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్‌ను గ్లైబ్యురైడ్ అంటారు. ఈ తేడా తెలియక తెచ్చుకున్న పారాసిటమాల్ వేసుకుంటూనే అక్కడ కొన్న జలుబు మందు, అసిటమినోఫెన్ మాత్ర కలిపి మింగేస్తారు. పెద్దవాళ్ళకు 24 గంటల్లో 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. 500 మిల్లీగ్రాముల మాత్రలైతే అది ఎనిమిదే.

రిపోర్టులు తప్పక చూపించండి, కొలతలు మాత్రం సరిచూడండి. షుగరు కొన్ని దేశాల్లో డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్నిచోట్ల లీటరుకు మిల్లీమోల్స్‌లో రాస్తారు. మొదటిదాన్ని 18తో భాగిస్తే రెండోది వస్తుంది: 126 అంటే 7. మూడు నెలల షుగరు సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో వచ్చే 7 శాతాన్ని కొన్ని దేశాల్లో 53 అని రాస్తారు. ‘నాకు 7 ఉంది’ అని నోటితో చెబితే అది మూడు నెలల సగటో ఈ ఉదయపు షుగరో ఎవరికీ తెలియదు. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి, 03/04 అంటే కొందరికి ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4.

ఇన్సులిన్ వాడేవారైతే సీసా, సిరంజి రెండూ చూపించాలి. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాలు ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి, దేనికి దాని సిరంజి. పాత 40 సిరంజితో కొత్త 100 ఇన్సులిన్‌ను 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు. మనిషి స్పృహ తప్పి పడిపోవడానికి అది చాలు. కొత్త దేశంలో ఇన్సులిన్ కొంటే సిరంజిలు కూడా అక్కడే కొనండి.

ప్రశ్న: ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? అతిథి తరఫున నన్ను సంతకాలు పెట్టమంటున్నారు.

జవాబు: సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవండి. ‘వివరాలు ఇచ్చినవారు’ అన్న చోట సంతకం చేస్తే ఇబ్బంది లేదు. ‘బిల్లుకు బాధ్యత వహించేవారు’ లేదా ‘హామీదారు’ అన్న చోట పెడితే అతిథి కట్టకపోతే ఆ బిల్లు మీ మీదికి రావచ్చు. రోగికి స్పృహ ఉంటే ఆ సంతకం ఆయనే పెట్టాలి. స్పృహ లేకపోతే ‘నేను స్నేహితుణ్ణి, ఆర్థిక బాధ్యత తీసుకోవడం లేదు’ అని చెప్పి, ఆ గడి ఖాళీగా వదలండి. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్‌లో ఉన్న ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగం డబ్బు సంగతి చూడకుండా పరీక్షించి, పరిస్థితి కుదుటపరచాలి. బిల్లు మాత్రం తర్వాత వస్తుంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో చూడటం ఉచితమే, వార్డులో చేర్చుకున్నాక విదేశీ సందర్శకుల నుంచి సాధారణంగా డబ్బు తీసుకుంటారు.

ప్రయాణ బీమా ఉంటే, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాకపోతే, చేర్చకముందే పాలసీ మీదున్న సహాయ నంబరుకు ఫోన్ చేయండి. చాలా పాలసీల్లో ముందస్తు అనుమతి లేకపోతే డబ్బు కోస్తారు లేదా అసలే ఇవ్వరు. ఫోన్లో మాట్లాడినవారి పేరు, టైము, వాళ్ళిచ్చిన కేసు నంబరు రాసుకోండి. పాత జబ్బు చెబితే క్లెయిమ్ పోతుందని దాచమనే సలహా ఎవరిచ్చినా వినకండి. వైద్యం దారి తప్పుతుంది, పైగా బీమా కంపెనీ పాత రికార్డులు తెప్పించుకుంటే క్లెయిమూ పోతుంది. మొత్తం అంకె ఒక్కటే ఉన్న బిల్లు పనికిరాదు, ఏ పరీక్షకు ఎంత, ఏ మందుకు ఎంత అన్నది విడివిడిగా ఉన్న బిల్లు అడగండి. పాస్‌పోర్టు జిరాక్సు ఇవ్వండి, అసలుది వదిలి రావద్దు.

రాయబార కార్యాలయం బిల్లు కడుతుందని ఆశపడొద్దు. ఇంట్లోవాళ్ళకు కబురు చేయడం, డాక్టర్ల జాబితా ఇవ్వడం వరకు సాయం చేస్తుంది.

ప్రశ్న: ఆపరేషన్ అయింది, అతిథి ఎప్పుడు విమానం ఎక్కవచ్చు?

జవాబు: ఆపరేషన్‌ను బట్టి. పెద్ద చిక్కులు లేని పొట్ట ఆపరేషనైతే సుమారు 10 రోజులు, చిన్న రంధ్రాలతో చేసినదైతే 4, 5 రోజులు, గుండె బైపాస్ అయితే 10 నుంచి 14 రోజులు ఆగాలంటారు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ విమానం లోపలి గాలి ఒత్తిడి తగ్గి, ఒంట్లో చిక్కిన గాలి వ్యాకోచిస్తుంది, కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. కొత్తగా వేసిన పిండికట్టు కూడా అంతే: లోపల వాపు పెరుగుతుంది కాబట్టి రెండు గంటలలోపు ప్రయాణానికి 24 గంటలు, అంతకు మించితే 48 గంటలు ఆగాలి. అంతకుముందే వెళ్ళక తప్పకపోతే కట్టును నిలువునా చీల్చి ఇమ్మని అడగండి. విమాన సంస్థ వైద్య ఫారం అడగవచ్చు, దాన్ని ఆపరేషన్ చేసిన డాక్టరే నింపాలి, డిశ్చార్జి రోజే నింపించుకోండి. డిశ్చార్జి కాగితం, స్కాన్ల సీడీ, మందులు చేతి సంచిలోనే ఉండాలి. వెళ్ళే దేశంలో చూసే డాక్టరుకు ఆ కాగితం అర్థం కావాలంటే ఇంగ్లీషు ప్రతి కూడా కావాలి, దాన్ని ఆసుపత్రి నుంచి బయటపడకముందే అడగండి, తర్వాత తెప్పించుకోవడానికి వారాలు పట్టవచ్చు.