నదిలోని పురుగులను చదివే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. డయాటమ్‌లు అనే సూక్ష్మ శైవలాలు, నీటి పురుగులను బట్టి నది నీటి నాణ్యత చెప్పే రంగంలోకి వెళ్తానంటోంది. ల్యాబ్‌లో నీళ్లు పరీక్షిస్తే తెలిసిపోయేదానికి ఇదంతా ఎందుకు? పైగా జీవులను డీఎన్‌ఏతో గుర్తుపట్టే పద్ధతులు వచ్చేశాక మైక్రోస్కోప్ పని మిగులుతుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ల్యాబ్ పరీక్ష సీసా నింపిన క్షణంలో నీళ్లు ఎలా ఉన్నాయో చెబుతుంది. రాత్రి వదిలిన వ్యర్థాలు తెల్లారేసరికి కొట్టుకుపోతే ఆ సీసాలో ఏమీ దొరకదు. రాళ్లకింద నెలల తరబడి బతికే పురుగులు మాత్రం ఆ దెబ్బ తింటాయి. స్టోన్‌ఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు నీటిలోనే పెరుగుతాయి, వాటికి ఆక్సిజన్ బాగా ఉన్న చల్లటి పారేనీళ్లు కావాలి. అవి మాయమై కైరోనమిడ్ అనే కుట్టని దోమల్లాంటి ఈగల ఎర్రటి లార్వాలు, సన్నటి వానపాముల్లాంటి ట్యూబిఫెక్స్ పురుగులే మిగిలితే మురుగు లాంటి సేంద్రియ కాలుష్యం ఉందని గట్టిగా అనుమానించాలి. నీటి పురుగులను బట్టి నది నాణ్యతను లెక్కగట్టే 1980 నాటి బ్రిటిష్ బీఎమ్‌డబ్ల్యూపీ పద్ధతిలో ఒక్కో పురుగుల కుటుంబానికి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపుకు) 1 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. కాలుష్యాన్ని తట్టుకోలేని కుటుంబానికి ఎక్కువ, ట్యూబిఫెక్స్ లాంటి వానపాముల జాతి పురుగులకు 1.

డయాటమ్‌లు సిలికా డొల్లలున్న ఏకకణ శైవలాలు. నీళ్లలో పోషకాలు పెరిగితే వాటిలో ఏ జాతులు ఎక్కువున్నాయన్నది కొద్ది వారాల్లోనే మారిపోతుంది. రాళ్ల మీది పొరను బ్రష్‌తో గీకి, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి వాటితో శుభ్రం చేసి, స్లైడ్ మీద వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తూ సాధారణంగా 300 నుంచి 500 డొల్లలు లెక్కపెడతారు. ఓపిక లేనివాళ్లకు ఇది నరకం. ఓపిక ఉన్నవాళ్లకు ఆ డొల్లల మీది చెక్కడాలు చూడటమే ఆనందం. మీ అమ్మాయి ఏ కోవలోకి వస్తుందో ముందు తేల్చుకోండి.

డీఎన్‌ఏ పద్ధతుల వల్ల పని పోదు, మారుతుంది. దొరికిన డీఎన్‌ఏ వరుస ఏ జాతిదో చెప్పాలంటే పోల్చి చూసుకునేందుకు, జాతి తెలిసిన నమూనాల డీఎన్‌ఏ వరుసలున్న రిఫరెన్స్ లైబ్రరీ కావాలి, అందులోని ప్రతి నమూనాకూ తెలిసినవాళ్లే పేరు పెట్టాలి. ఆ లైబ్రరీల్లో ఇంకా ఖాళీలున్నాయి. అందుకే నా సలహా: ఎమ్మెస్సీ సబ్జెక్టు జువాలజీనా, బాటనీనా, పర్యావరణ శాస్త్రమా అన్నదాని కంటే జాతులను నమ్మకంగా గుర్తుపట్టడం చేతికి రావడమే ముఖ్యం. డయాటమ్ నిపుణుడో, నీటి పురుగుల నిపుణుడో ఉన్న విభాగం వెతకండి. దాంతోపాటు స్టాటిస్టిక్స్, ఆ లెక్కలకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి.

ఉద్యోగాలు కాలుష్య నియంత్రణ సంస్థల్లో, పర్యావరణ కన్సల్టెన్సీల్లో, పరిశోధనా సంస్థల్లో ఉంటాయి. సంఖ్య పరిమితమే, మొదట్లో కాంట్రాక్టు పని కూడా తప్పకపోవచ్చు. అది దాచను.

చేరేముందు ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. తెలిసినవాళ్లను తోడు తీసుకుని, లోతు లేని వాగులో వల పెట్టి, దాని ముందు అడుగును కాలితో కదిపి, పట్టినవన్నీ తెల్లటి ట్రేలో పోసి, కుటుంబం స్థాయి వరకు గుర్తుపట్టమనండి. రెండో ట్రే తనే అడిగి తెచ్చుకుంటే నిశ్చింతగా అడ్మిషన్‌కు దరఖాస్తు చేయండి.