ఫ్యూజ్, రిలే, మోటారు మార్చినా ఫ్యాన్ తిరగడం లేదా? ముందు కనెక్టర్ విప్పి చూడండి

రేడియేటర్ ఫ్యాన్ ఒక్కోసారి తిరుగుతోంది, ఒక్కోసారి తిరగడం లేదు, ఫ్యూజ్, రిలే, మోటారు అన్నీ మార్చేశాను, ఇక వైరింగ్ మొత్తం మార్చాలా అని అడిగారు. వద్దండీ, అప్పుడే అంత పని పెట్టుకోకండి. అచ్చం ఇదే సమస్యతో నేను మూడు వారాలు సతమతమయ్యాను. చివరికి తప్పంతా వైర్లను ఫ్యాన్‌కు కలిపే బొటనవేలంత ప్లాస్టిక్ కనెక్టర్‌లో ఉందని తేలింది.

నా కారులో ఫ్యాన్ కనెక్టర్ లాక్ విరిగిపోతే, చవగ్గా వస్తోందని వైర్లు ముందే బిగించి ఉన్న రెండు పిన్నుల కనెక్టర్ తెచ్చి నేనే వేశాను. రెండు నెలలు బాగానే నడిచింది. అందుకే దాని మీద అనుమానమే రాలేదు. ఆ తర్వాత ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా టెంపరేచర్ ముల్లు పైకి పాకడం మొదలైంది. బానెట్ తెరిస్తే ఫ్యాన్ కదలదు. కాస్త చల్లారాక స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు గిర్రున తిరుగుతుంది. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని బయల్దేరాలంటే ఒకటే టెన్షన్.

ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్ లాంటి రిలే మార్చాను, సెన్సర్ మార్చాను. మోటారు మార్చడానికి బంపర్ విప్పాల్సి వచ్చి ఒక ఆదివారం మొత్తం పోయింది. మూడు రోజులకే మళ్లీ అదే కథ.

నన్ను తప్పుదారి పట్టించింది మల్టీమీటర్ చూపించిన అంకె. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే 12.4 వోల్టులు వచ్చాయి. సప్లై వస్తోంది కాబట్టి తప్పు మోటారుదే అనుకున్నాను. చాలామంది పొరబడేది ఇక్కడే. మీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా. వైరులో ఒక్క పోగు మాత్రమే తగులుతున్నా ఆ కాస్త కరెంటు వెళ్లిపోతుంది, మీటర్ పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. అదే దారిలో ఫ్యాన్‌కు పది ఆంపియర్లు వెళ్లాల్సి వచ్చినప్పుడే లోపం బయటపడుతుంది.

అందుకని కనెక్టర్ తగిలించే ఉంచి, ఫ్యాన్ తిరుగుతుండగా కొలవండి. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది. మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, వైర్లు లోపలికి దూరే వెనక వైపు నుంచి సన్నటి పిన్నులు గుచ్చి, ఒకే వైరు మీద కనెక్టర్‌కు ముందు ఒక ప్రోబ్, తర్వాత ఇంకొకటి పెట్టండి. ఇప్పుడు మీటర్ చూపేది కనెక్టర్‌లో పోతున్న వోల్టేజీ. కనెక్టర్ మంచిదైతే 0.1 వోల్టు కూడా రాదు. నాకు దాదాపు 2 వోల్టులు వచ్చింది. ఎర్త్ వైరు వైపు కూడా ఇలాగే చూడండి, అటువైపు చూడటం చాలామంది మర్చిపోతారు. చేతులు, చొక్కా అంచులు రెక్కలకు దూరంగా ఉంచండి. కొన్ని కార్లలో ఇంజన్ ఆపేశాక కూడా ఈ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది.

పది ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు పడిపోవడమంటే 20 వాట్ల వేడి ఆ చిన్న ప్లాస్టిక్ లోపలే పుడుతోందన్నమాట. విప్పి చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఉబ్బి ఉంది. కాలిన వాసన. వైరు పట్టి మెల్లగా లాగితే దాని చివర బిగించే లోహపు ముక్కను, అంటే టెర్మినల్‌ను వదిలేసి చేతిలోకి వచ్చేసింది. క్రింపింగ్, అంటే టెర్మినల్‌ను వైరు మీద నొక్కి బిగించిన పట్టు, లోపలి పోగుల మీద కాకుండా పై తొడుగు మీద పడింది, లోపల మూడు నాలుగు పోగులే తగులుతున్నాయి. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించింది. అంటే అది అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే. వేడెక్కేకొద్దీ పట్టు ఇంకా వదులై కాంటాక్ట్ పోయేది, చల్లారగానే మళ్లీ తగిలేది.

మరి ఫ్యూజ్ ఎందుకు పోలేదని మీకు అనిపించవచ్చు. కరెంటు హద్దు దాటితేనే ఫ్యూజ్ పోతుంది. లూజ్ కాంటాక్ట్ కరెంటును తగ్గిస్తుంది తప్ప పెంచదు. కాబట్టి కనెక్టర్ కరిగిపోతున్నా ఫ్యూజ్ చెక్కుచెదరదు. నాకు అన్నిటికంటే భయం వేసింది ఈ విషయానికే. ఫ్యూజ్ పోయిందని పెద్దది వేయాలని మాత్రం ఎప్పుడూ అనుకోకండి.

బాగు చేయడం పెద్ద పనేమీ కాదు. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించండి. ఆ వైరు మందానికి సరిపోయే టెర్మినల్, ఫ్యాన్ కరెంటును తట్టుకునే కనెక్టర్ తీసుకోండి. మామూలు కట్టింగ్ ప్లయర్‌తో నొక్కకుండా క్రింపింగ్ టూల్ వాడండి. నొక్కాక ప్రతి వైరునూ గట్టిగా లాగి చూడండి, ఊడేదైతే రోడ్డు మీద కాకుండా అక్కడే ఊడిపోతే మంచిదే. అతుకు మీద లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం) వేయండి, వట్టి టేపు ఇంజన్ వేడికి జారిపోతుంది. ఇలా చేశాక మళ్లీ కొలిస్తే నాకు 0.04 వోల్టు వచ్చింది. అప్పటినుంచి ఆ ముల్లు సగం దాటలేదు.

మీరు తీసేసిన పాత మోటారు పారేయకండి. బిగించి పట్టుకుని, ఫ్యూజ్ ఉన్న వైరుతో బ్యాటరీకి నేరుగా కలిపి చూడండి. ఆగకుండా తిరిగితే దాచి ఉంచుకోండి, అది బాగానే ఉంది.